ఫ్లోరెన్స్ నైటింగేల్: దీపమూ, లెక్కల పుస్తకమూ

మహనీయుల జీవితాలను లోకం తరచుగా ఒకే చిత్రంగా కుదించి జ్ఞాపకముంచుకుంటుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే మన కనులముందు మెదిలేది నడిరాత్రి చేత దీపం ధరించి క్షతగాత్రుల పడకల నడుమ నడిచే కరుణామూర్తి. చిన్ననాటి పాఠ్యపుస్తకాల నుండి మనకు పరిచయమైన ఆ చిత్రం అసత్యం కాదు. కాని అది ఆమె జీవితంలో రెండేళ్ళ కథ మాత్రమే. ఆమె తొంబదేళ్ళు జీవించింది. దీపం పట్టిన ఆ చేయే తరువాత దశాబ్దాల తరబడి కలం పట్టి, రోగులలో ఎందరు బ్రతికారు, ఎందరు మరణించారు, ఏ కారణం చేత మరణించారు అని లెక్కలు వ్రాసింది. ప్రేమతో చేసిన సేవ సైతం ఫలితాల గీటురాయిపై నిగ్గు తేలవలసిందేనని ఆమె నమ్మింది. ఆ గీటురాయిపై తన సొంత కృషినే మొదట పెట్టి చూసింది. ఆమె గొప్పతనం నిజంగా అక్కడ ఉన్నది.

1820వ సంవత్సరం మే నెల 12వ తేదీన ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో ఒక సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ విద్యాప్రియుడు. కుమార్తెలు ఇద్దరికీ తానే స్వయంగా లాటిన్, గ్రీకు భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని బోధించాడు. అక్క పార్థెనోప్ చిత్రలేఖనం వైపు మొగ్గగా, ఫ్లోరెన్స్ మనసు గణితం మీద నిలిచింది. డెర్బీషైర్‌లో ఒక భవనం, హాంప్‌షైర్‌లో మరొక భవనం, విందులు, వినోదాలు, విదేశయాత్రలు, ఇదీ ఆ యింటి జీవితం. ఆడపిల్ల చక్కగా చదువుకొని, మంచి సంబంధం చేసుకొని, గృహిణిగా స్థిరపడాలన్నదే తల్లి కోరిక.

పదునాఱవ యేట, 1837లో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచింది. ఆ సేవ రోగిశుశ్రూషయేనని క్రమంగా నిశ్చయించుకొన్నది. తల్లి, అక్క ఆ మాట వినలేకపోయారు. అందుకు కారణం లేకపోలేదు. ఆనాటి ఇంగ్లండు ఆసుపత్రులు నిరుపేదలకు గత్యంతరం లేని చోట్లు. గాలి వెలుతురు లేని గదులు, మాసిన పక్కలు, దుర్గంధం. అక్కడ పనిచేసే పరిచారికలకు శిక్షణ లేదు, సంఘంలో గౌరవమూ లేదు. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం వాడుకలోకి రావడంతో శస్త్రచికిత్సలో నొప్పి తగ్గింది కాని, చికిత్స తరువాత గాయం చీము పట్టి, జ్వరం వచ్చి మరణించేవారికి లెక్కలేదు. ఆపరేషన్ బల్ల మీద బ్రతికి, పడక మీద మరణించడం సామాన్యంగా ఉండేది.

తనను ప్రేమించిన కవి, పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ మాంక్‌టన్ మిల్నెస్ వివాహప్రస్తావనను ఆమె 1849లో నిరాకరించింది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ సేవాసంస్థలో మూడు నెలలు ఉండి శుశ్రూష నేర్చుకొన్నది. 1853లో లండనులోని హార్లీ వీధిలో, వ్యాధిగ్రస్తలైన స్త్రీలకోసం నడిచే ఒక చిన్న వైద్యాలయానికి పర్యవేక్షకురాలైంది. రోగి గంట మ్రోగిస్తే నర్సుకు వెంటనే తెలిసే ఏర్పాటు, ప్రతి అంతస్తుకూ వేడినీరు, వంటగది నుండి భోజనం పైకి చేర్చే లిఫ్టు ఉండాలని ఆమె పట్టుబట్టింది. నర్సు కాళ్ళు మెట్లెక్కి దిగడానికే సరిపోతే రోగిని కనిపెట్టి ఉండేదెవరు? ఇదీ ఆమె ఆలోచన. ముప్పది మూడేళ్ళ వయసులో చేపట్టిన ఈ తొలి ఉద్యోగంలోనే ఆమె పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది.

1854లో బ్రిటను, ఫ్రాన్సు దేశాలు తుర్కీ పక్షాన రష్యాతో యుద్ధానికి దిగాయి. క్రిమియా ద్వీపకల్పంలో గాయపడిన సైనికుల దుర్దశను టైమ్స్ పత్రిక విలేఖరి విలియం హోవర్డ్ రస్సెల్ లోకానికి వెల్లడించాడు. దేశమంతా కలవరపడింది. యుద్ధశాఖ బాధ్యతలు చూస్తున్న సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు మిత్రుడు. ఆయన కోరికపై 38 మంది స్త్రీలతో ఆమె అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న ఇస్తాంబులుకు ఎదురుగా ఆసియా తీరాన ఉన్న స్కుటారి చేరింది. నేటి ఉస్కుదార్ అదే. తుర్కు సైన్యం వారి పెద్ద బారకాసును అక్కడ ఆసుపత్రిగా మార్చారు.

ఆ ఆసుపత్రి వర్ణనకు అందనిది. వరండాలలో మైళ్ళ పొడవున పడకలు. నల్లసముద్రం మీద ఓడలలో రోజుల తరబడి ప్రయాణించి వచ్చినవారు తొడిగిన బట్టలతోనే, రక్తం ఎండిన కట్లతోనే దిగేవారు. భవనం క్రింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. చొక్కాలు లేవు, దుప్పట్లు చాలవు, చేతులు కడుగుకొనే పాత్రలూ లేవు. సైనిక వైద్యులలో పలువురికి ఈ స్త్రీల రాక నచ్చలేదు. మొదట వారిని వార్డులలోకి రానీయలేదు. నైటింగేల్ తొందరపడలేదు. వైద్యుడు పిలువనిదే ఏ నర్సూ రోగిని తాకరాదని కట్టుదిట్టం చేసి, కట్లగుడ్డలు కుట్టిస్తూ వేచి ఉన్నది. నవంబరు 5న ఇంకర్‌మన్ యుద్ధం జరిగి క్షతగాత్రులు వెల్లువగా వచ్చిపడగానే వైద్యులే ఆమెను పిలిచారు.

అప్పటినుండి ఆమె విశ్రాంతి ఎరుగదు. ప్రజలు పంపిన నిధులతో చొక్కాలు, సబ్బు, పళ్ళేలు, నేల తోమే కుంచెలు కొన్నది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, కాగులు పెట్టించి, సైనికుల భార్యల చేత బట్టలు ఉతికించింది. బలహీనులకు జావలు, చారు కాచే ప్రత్యేక వంటశాలలు నెలకొల్పింది. శస్త్రచికిత్స రోగులపట్ల ఆమె చూపిన శ్రద్ధకు ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. ప్రత్యేకమైన గది లేనందున కాలో చేయో తొలగించే ఆపరేషన్లు వార్డులోనే, తక్కిన రోగుల కండ్లెదుటనే జరిగేవి. మరునాడు తన వంతు రానున్న సైనికుడు ఆ దృశ్యం చూచి గుండెదిటవు కోల్పోయేవాడు. నైటింగేల్ వెంటనే ఒక తెర తెప్పించి అడ్డుగా పెట్టించింది. అది చిన్న తెరయే. కాని రోగి భయమూ రోగంలో భాగమేనన్న గుర్తింపు అందులో ఉన్నది. రాత్రివేళ వార్డులలో తిరిగేటప్పుడు ఆమె చేతిలో ఉండేది ఆ దేశంలో వాడే ముడుచుకొనే కాగితపు ఫానూసు. ఇంగ్లండు చిత్రకారులు దానిని నూనెదీపంగా చిత్రించారు. ఆ చిత్రమే లోకప్రసిద్ధమైంది.

అయితే ఇంత సేవ జరుగుతున్నా మరణాలు ఆగలేదు. ఆ తొలి శీతకాలంలో స్కుటారిలో నాలుగు వేలమందికి పైగా సైనికులు మరణించారు. వారిలో అత్యధికులను పొట్టన పెట్టుకొన్నది గాయాలు కావు. కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరం వారిని తీసుకొనిపోయాయి. తరువాత ఆమె ప్రకటించిన లెక్కలలో 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో మరణాలు నూటికి 42.7గా ఉన్నాయి. మార్చినెలలో బ్రిటిషు ప్రభుత్వం పంపిన ఆరోగ్య సంఘం వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. వారు మురుగు కాలువలు శుభ్రం చేయించారు. త్రాగునీటి కాలువలో పడి ఉన్న జంతుకళేబరాన్ని తీయించారు. గోడలకు సున్నం కొట్టించి, గాలి ఆడే మార్గాలు తెరిపించారు. జూన్ నాటికి మరణాలు నూటికి 2.2కు దిగాయి. ఋతువు మారడమూ, రోగుల రద్దీ తగ్గడమూ ఇందుకు తోడ్పడ్డాయి. అయినా ఆ మార్పు ఎవరూ త్రోసిపుచ్చలేనిది.

1856 ఆగస్టులో ఆమె ఊరేగింపులు తప్పించుకొని, నిశ్శబ్దంగా ఇల్లు చేరింది. ఆమె పేరు మీద ప్రజలు పోగుచేసిన నిధి 44 వేల పౌండ్లకు మించింది. మరొకరైతే ఆ కీర్తితో తృప్తిపడి ఉండేవారు. ఆమె మాత్రం మరణించిన సైనికులను మరువలేకపోయింది. జననమరణాల శాఖలో గణాంకవేత్త అయిన విలియం ఫార్ సహాయంతో సైనిక ఆసుపత్రుల లెక్కలన్నీ ముందు వేసుకొని కూర్చున్నది. యుద్ధకాలంలో, చాలినంత తిండి, బట్ట, సామగ్రి లేకపోవడమే ఈ మరణాలకు ప్రధాన కారణమని ఆమె భావించింది. లెక్కలు వేరొక సత్యం చెప్పాయి. పూడిన మురుగు కాలువలు, క్రిక్కిరిసిన పడకలు, మూసిన కిటికీలు, వీటి మధ్య తాను రాత్రింబవళ్ళు సేవ చేసిన భవనమే రోగులను చంపింది. కరుణకు అక్కడ కొదువ లేదు. కొదువైనది కారణజ్ఞానం.

ఈ సత్యం ఎంత బాధాకరమైనదో ఊహించవచ్చును. ఆమె దానిని దాచలేదు. 1858లో వెలువడిన తన బృహన్నివేదికలో దానికి ప్రముఖస్థానం ఇచ్చింది. అంకెల పట్టికలు మంత్రులకు విసుగు పుట్టిస్తాయని తెలిసి, వాటిని చిత్రంగా మలచింది. వృత్తాన్ని పన్నెండు మాసాలకు పన్నెండు భాగాలు చేసి, నివారించదగిన వ్యాధుల మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు రంగులు వాడింది. ఎరుపు చిన్న ముక్కగా, నీలం విసనకఱ్ఱవలె విశాలంగా కనిపించే ఆ చిత్రం చదువరికి ఒక్క చూపులో విషయం బోధిస్తుంది. శాంతికాలంలో స్వదేశపు బారకాసులలో సైతం సైనికుల మరణాలు అదే వయసు పౌరులకంటె దాదాపు రెట్టింపని కూడా ఆమె నిరూపించింది. అదే సంవత్సరం గణాంకశాస్త్ర సంఘంలో ఆమె సభ్యురాలైంది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

1859లో వెలువడిన ఆమె శుశ్రూషా గ్రంథం చిన్నదైనా శాశ్వతమైనది. శస్త్రవైద్యుడు దేహంలోని తూటాను తీయగలడు, గాయాన్ని మాన్పేది మాత్రం ప్రకృతి, ఆ ప్రకృతి తన పని చేసుకొనేందుకు అనుకూలమైన స్థితిలో రోగిని ఉంచడమే నర్సు ధర్మం. ఇదీ ఆ గ్రంథ సారాంశం. రోగికి చలి తగలకుండానే గదిలో శుభ్రమైన గాలి ఆడాలి. నర్సు దినంలో పలుమార్లు చేతులు కడుగుకోవాలి. పడకపుండ్లు పడితే తప్పు సాధారణంగా రోగానిది కాదు, శుశ్రూషది. తినకుండా వదిలిన ఆహారాన్ని రోగి ప్రక్కన ఉంచరాదు. ఏ వేళకు ఎంత తినగలడో గమనించి, ఆ వేళకే కొద్దిగా పెట్టాలి. మొదటి నిద్రలో ఉన్నవానిని లేపరాదు. తలుపు వెలుపల గుసగుసలాడరాదు, ఏలయన రోగి ఆ మాటలు తన చావుబ్రతుకుల గురించేనని తలపోస్తాడు. అతని మంచానికి ఆనుకోరాదు, దానిని కదపరాదు. పడక నుండి కిటికీ బయటి ఆకాశం కనిపించాలి. పువ్వుల రంగులు సైతం దేహానికి మేలు చేస్తాయి. త్వరలో లేచి తిరుగుతావని ఊరక చెప్పే ఉత్తమాటలు అతనికి ఊరట కావు.

వీటన్నింటికంటె ఆమె ముఖ్యంగా చెప్పినది పరిశీలన. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడిగితే ఔననో కాదనో సమాధానం వస్తుంది. దానివల్ల వైద్యునికి తెలిసేది శూన్యం. ఎన్ని గంటలు, ఏ వేళలో నిద్రపోయాడో అడగాలి. ఎంత తిన్నాడన్నది అంచనాగా చెప్పరాదు, చూచి చెప్పాలి. తాను ఎదుట లేని వేళ కూడా పని జరిగే ఏర్పాటు చేయనివాడు నిజంగా బాధ్యత వహించినట్లు కాదని ఆమె హెచ్చరిక.

ఆసుపత్రులకూ ఆమె ఇదే నియమం వర్తింపజేసింది. ఆసుపత్రి చేయవలసిన మొదటి మేలు రోగికి కీడు చేయకుండుటయే అని ఆమె సిద్ధాంతం. కాని కీడు జరుగుతున్నదని తెలిసేదెట్లు? ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క విధంగా లెక్కలు వ్రాస్తుంటే పోల్చడం అసాధ్యం. అందుచేత 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు అన్ని ఆసుపత్రులకూ ఒకే తీరు పట్టికలను ప్రతిపాదించింది. 1863లో శస్త్రచికిత్సలకు ప్రత్యేకంగా పట్టికలు రూపొందించింది. రోగి వయసు, చేసిన ఆపరేషన్, తరువాత తలెత్తిన ఉపద్రవాలు, తుది ఫలితం అందులో నమోదు కావాలి. ఆపరేషన్ విజయవంతమైనదన్న మాటకు రోగి ఇల్లు చేరినప్పుడే అర్థం ఉంటుందని దీని భావం.

ప్రజలు ఇచ్చిన నిధితో 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం వెలసింది. పదిహేను మందితో ఆరంభమైన ఆ పాఠశాలలో శిక్షణ ఒక సంవత్సరం. గాయాలకు, కాలిన పుండ్లకు కట్టు కట్టడం, కదలలేని రోగిని నొప్పి కలుగకుండా ప్రక్కకు తిప్పడం, అతడు పడుకొని ఉండగానే దుప్పటి మార్చడం, పడకపుండ్లు రాకుండా కాపాడడం, ఆపరేషన్ వేళ సహాయం చేయడం, జావ కాచడం, నాడి, చర్మం, ఆకలి, నిద్ర, గాయం స్థితి గమనించి వైద్యునికి విన్నవించడం నేర్పేవారు. ఒక్కొక్కరి ప్రవీణతనూ నడవడినీ మాసమాసమూ నమోదు చేసేవారు. ఆ పాఠశాలలో చదివినవారు దేశదేశాలకు వెళ్ళి మరెన్నో పాఠశాలలు స్థాపించారు. నర్సు అన్న పదానికి గౌరవం వచ్చినది వారితోనే.

ఆమె సత్యనిష్ఠకు మరొక పరీక్ష కూడా ఎదురైంది. మంత్రసానులకు శిక్షణ ఇచ్చుటకై తన నిధితోనే లండనులోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఒక ప్రసూతి వార్డు ఏర్పాటు చేయించింది. కొన్నేళ్ళకు లెక్క చూడగా, అక్కడ వేయి ప్రసవాలకు 33 మంది తల్లులు మరణించినట్లు తేలింది. పురిటిజ్వరం అందుకు కారణం. సద్బుద్ధితో పెట్టిన సంస్థ, తన పేరుతో ముడిపడిన సంస్థ. అయినా 1867లో దానిని మూయించింది. ఇండ్లలో జరిగే ప్రసవాలకంటె ప్రసూతిశాలలలో మరణాలు ఎందుకు ఎక్కువో పరిశోధించి 1871లో ఒక గ్రంథమే ప్రకటించింది.

ఆమె సర్వజ్ఞురాలు కాదు. దుర్వాయువులే వ్యాధికి మూలమని చాలాకాలం నమ్మింది. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని త్వరగా అంగీకరించలేదు. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధి చేసే పద్ధతిని ప్రకటించినా ఆమె మనసు మారడానికి కాలం పట్టింది. కాని ఫలితాలు కండ్లకు కట్టిన తరువాత మొండిపట్టు పట్టలేదు. 1882లో ఒక వైద్య నిఘంటువుకు వ్రాసిన వ్యాసాలలో క్రిమినాశక పద్ధతులను నర్సులకు విధిగా చెప్పింది. సిద్ధాంతంలో పొరపడినా, పరిశుభ్రతలో, పరిశీలనలో, లెక్కలో ఆమె పొరపడలేదు.

ఆమె ఎన్నడూ భారతదేశంలో అడుగు పెట్టలేదు. అయినా జీవితంలో సగభాగం ఈ దేశం గురించి ఆలోచించింది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యంపై నియమించిన రాజసంఘం నివేదిక 1863లో వెలువడింది. దండు ప్రాంతాలన్నింటి నుండి తెప్పించిన జవాబులను ఆమె స్వయంగా పరిశీలించి వ్యాఖ్య వ్రాసింది. ఇక్కడి బ్రిటిషు సైనికులలో ఏటా వేయికి 69 మంది మరణిస్తూ ఉండగా, పదేళ్ళ అనంతరం ఆ సంఖ్య 18కి తగ్గినట్లు ఆమె లెక్క చూపింది. ఆ శ్రమలో ఆమెకు తెలిసివచ్చినది మరొకటి ఉన్నది. దండులో మురుగు తీసినంత మాత్రాన చాలదు, చుట్టుప్రక్కల పల్లెలలో నీరు, తిండి లేక ప్రజలు మరణిస్తున్నారు. అందుకే ఆమె నీటిపారుదల వైపు దృష్టి మరల్చింది. గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1852 నాటికి ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, ఆయన వాదాన్ని బలపరుస్తూ రచనలు చేసింది. మన గోదావరి డెల్టా పచ్చదనం లండనులోని ఒక రోగిశయ్య మీద కూర్చొని వ్రాసిన స్త్రీ లెక్కలలో సాక్ష్యంగా నిలిచింది.

రోగిశయ్య అన్నది ఇక్కడ అలంకారం కాదు. 1855లో క్రిమియాలో సోకిన జ్వరం ఆమెను దీర్ఘకాలం వేధించింది. ఏళ్ళతరబడి గది విడువక, పడక మీదనే కూర్చొని వేలాది ఉత్తరాలు వ్రాసింది. వృద్ధాప్యంలో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన మొదటి స్త్రీ అయింది. 1910 ఆగస్టు 13న లండనులో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామన్నా, ఆమె కోరిక ప్రకారం కుటుంబం వారు అంగీకరించలేదు. ఈస్ట్ వెల్లో గ్రామంలో కుటుంబ సమాధిపై ఆమె పేరులోని రెండు పొడి అక్షరాలు, జననమరణ తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆమె చెప్పిన మాటలను తరువాతి కాలం ఆమె పద్ధతిలోనే పరీక్షించింది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన రోగుల దస్తావేజులు పరిశీలించాడు. కిటికీ నుండి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందితో పోల్చాడు. చెట్లు కనిపించినవారు త్వరగా ఇండ్లకు వెళ్ళారు. వారికి తీవ్రమైన నొప్పిమందుల అవసరం తక్కువైంది. పడక నుండి ఆకాశం కనిపించాలన్న ఆమె మాట రోగి సుఖానికే కాక స్వస్థతకూ చెందినదని ఇందువల్ల తెలుస్తున్నది.

ఏటా మే 12వ తేదీని ప్రపంచమంతటా నర్సుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. విద్యార్థినీ విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఆ వృత్తిలోనో వైద్యవృత్తిలోనో ప్రవేశించవచ్చును. మరికొందరు వేరే రంగాలలో పదిమందికి మేలు చేయ సంకల్పించవచ్చును. మేలు చేస్తున్నామన్న తృప్తితో కన్నులు మూసికొనక, మేలు జరుగుతున్నదా అని చూచుకొనే ధైర్యం ఈమె జీవితం నేర్పే పాఠం. చేతిలో ఫానూసు ఉండాలి, దాని ప్రక్కన లెక్కల పుస్తకమూ ఉండాలి. ఒకటి రోగి ముఖాన్ని చూపుతుంది, రెండవది మన పనిలోని లోపాన్ని చూపుతుంది.